కుట్టులోని గొంతులు

బాత్రూమ్ తలుపు కిందనుంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

హెడ్డమ్మ మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, బూట్లైనా విప్పకుండా ఇంట్లోకి వచ్చేసరికి ఆ నీళ్ళు నడవా అంతా తడిపి వంటింటి గడప దాకా పాకాయి. అమ్మ ఒక పాత దుప్పటి తెచ్చి తలుపు దగ్గర అడ్డం వేసింది. అది కూడా తడిసి ముద్దయ్యాక ఇంకేం చెయ్యాలో తోచక దాని మీదే చతికిలబడి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

“వచ్చావా తల్లీ! పొద్దున్న ముఖం కడుక్కుంటానని వెళ్ళాడే. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. పిలిస్తే పలకడు, కుళాయి కట్టడు.”

“కత్తెర ఎక్కడుందమ్మా?”

అమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

“నిన్నే అడిగేది. మిషను మీద ఉందా, లేదా?”

“లేదు.”

హెడ్డమ్మ గబుక్కున బాత్రూమ్ తలుపు వంక తిరిగింది. అది జేబులో పట్టే కత్తెర కాదు మరి. మందపాటి గుడ్డని మడతల మీద మడతలు పెట్టినా సరసరా కోసుకుపోయే టైలరు కత్తెర. తమ్ముడి వృత్తి అదే. ముందుగదిలో కిటికీ పక్కన వాడి మిషను, దాని పక్కన బల్ల. అక్క పనిచేసే పోలీస్ స్టేషన్లో సగంమంది యూనిఫారాలు ఆ బల్ల మీదకి వచ్చి బిగువై, వదులై, మళ్ళీ మనుషుల ఒంటి మీదకి పోతుంటాయి. అక్క అక్కడ హెడ్ కానిస్టేబుల్. అందుకే వీధి వీధంతా ఆమెని హెడ్డమ్మ అని పిలుస్తుంది. కట్టుకున్న మొగుడు కూడా, సరదా పుట్టినప్పుడు.

తమ్ముడికి ఆరోగ్యం కుదురుగా ఉన్నన్నాళ్ళూ వాడంత నెమ్మదైనవాడు ఉండడు. మనసు చెదిరిందా, బట్టల కుట్లలోంచి గొంతులు వినిపిస్తాయి. పోయినసారి ఆ గొంతులు బయటికి తియ్యాలని ఇంట్లో ఉన్న గుడ్డకల్లా కుట్లు విప్పాడు. దిండ్లు విప్పాడు, తెరలు విప్పాడు, బావ ప్యాంట్లు విప్పాడు. పాపం ఆయన ఆ రోజు పిన్నీసులు పెట్టుకుని డ్యూటీకెళ్ళి బస్సు నడిపాడు. అంతవరకూ నవ్వుకోదగ్గదే. సాయంత్రం ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి, వాడి చెయ్యి వెనక్కి మెలిపెట్టి మెట్ల మీద ఈడ్చుకుపోయారు. భుజం కీలు తప్పింది. తర్వాత చాన్నాళ్ళు సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఆ చెయ్యి లేవలేదు.

ఆ భుజం చూసే హెడ్డమ్మ పట్టుదలకి పోయింది. మనసు చెదిరినవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి, చెయ్యి ఎప్పుడు వెయ్యకూడదు, ఇవన్నీ తను నేర్చుకుంది. ఇప్పుడు పోలీసులకీ, అంబులెన్సు వాళ్ళకీ, ఫైరింజను వాళ్ళకీ తనే నేర్పుతోంది.

నేర్పినదంతా ఇప్పుడు ఈ తలుపు ముందు పనికి రావాలి.

ఆమె నడుం బెల్టు విప్పి దూరంగా పెట్టింది. బూట్లు విప్పింది. తడి నేల మీద కూర్చుంది. నిలబడి మాట్లాడితే గొంతు పైనుంచి పడుతుంది, అలా పడకూడదు.

“తమ్ముడూ, అక్కనిరా. అమ్మా నేనూ ఉన్నాం. తలుపు ఎవరూ తొయ్యరు.”

లోపల కుళాయి పారుతూనే ఉంది.

“నీకు భయంగా ఉందని తెలుస్తోంది. నేను ఇక్కడే ఉంటాను. నువ్వు చెప్పేది వింటాను.”

లోపలినుంచి నవ్వు వినిపించింది. సంతోషంతో వచ్చిన నవ్వు కాదది.

“తర్వాతది నేను చెప్పనా అక్కా?”

“చెప్పు.”

“‘ఇప్పుడు ఏం చేస్తే నీకు కాస్త తేలిగ్గా ఉంటుంది?’ దానికి నేను పలక్కపోతే, ‘మంచినీళ్ళు తాగుతావా?’ దానికీ పలక్కపోతే ఊరికే కూర్చోవాలి. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. ఏదీ, ఊఁ కొట్టు.”

హెడ్డమ్మ ఊఁ కొట్టలేదు.

నేర్పుతున్న కొత్తలో రాత్రి అన్నాలయ్యాక ఈ మాటలన్నీ ఇంట్లోనే సాధన చేసేది. రోగి వేషం ఎవరు వెయ్యాలన్న ప్రశ్నే రాలేదు. “ఇంట్లో అసలు సరుకు పెట్టుకుని బయట నకిలీల కోసం వెతకడమెందుకే?” అని వాడే బల్లెక్కి కూర్చునేవాడు. బావది చుట్టూ పోగైన జనం వేషం. ఆయన పని “ఏమైందండీ, ఏమైందండీ” అంటూ అడ్డం పడటం. వాడు వేషం కడితే అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తెచ్చుకుని, ఆ నీళ్ళు ఆగక వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అలా రోజూ చెప్పీ చెప్పీ, ఒకనాటికి ప్రాణం నిలపాల్సిన మాటలన్నీ వాడి చెవిలోనే అరగదీసింది.

“వాడికి కంఠతా వచ్చేదాకా చెప్పావు కదే,” అంది అమ్మ. “ఇంకేమైనా మిగిల్చావా నీ దగ్గర?”

“అమ్మా, కాసేపు ఊరుకో.”

“ఊరుకునే ఉన్నాను. పొద్దుట్నుంచీ ఊరుకోవడమేగా నా పని.”

“మాత్రలు వేసుకున్నాడా?”

“నా కళ్ళ ముందే మింగాడు. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడే. ఎవరో ప్యాంటు తెచ్చిచ్చి వెళ్ళాక అన్నం ముట్టుకోలేదు. మిషను తొక్కినవాడు తొక్కుతూనే ఉన్నాడు. ఆ ప్యాంటేదో పొద్దున్నే మనిషొచ్చి పట్టుకుపోయాడు కూడా.”

వరండాలోంచి బావ లోపలికి వచ్చాడు. చేతిలో ఫోను. బస్సు డ్రైవరు చొక్కా సగం గుండీలతో ఉంది. భార్య ముఖంలోకి చూడకుండా ఆమె బెల్టు వంక చూశాడు.

“ఫోన్ చేశాను,” అన్నాడు.

“ఎవరికి?”

“ఎవరికేంటి, మీవాళ్ళకే.”

హెడ్డమ్మ లేచి నిలబడింది. “మీకు మతి ఉందా? పోయినసారి వాడి భుజం ఏమైందో మర్చిపోయారా?”

“మర్చిపోలేదు. ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చున్నది నేనే. నువ్వు అప్పుడు డ్యూటీలో ఉన్నావు.”

“అది ఇప్పుడు ఎత్తాలా?”

“నువ్వు అడిగావు, చెప్పాను. అత్తయ్యేమో ఆ తలుపుకి అతుక్కుపోయింది. వాడి చేతిలో కత్తెర. నువ్వెప్పుడొస్తావో తెలీదు. నేను బస్సు తోలేవాణ్ణే! బ్రేకు ఎక్కడుందో తెలిసిన పని అయితే నేనే చేసేవాణ్ణి.”

“ఇంకాసేపు ఆగితే ఏం పోయేది?”

“ఏం పోయేదో తెలీకే చేశాను.” ఆయన గొంతు తగ్గించాడు. “అయినా, ఇంతమందికి పాఠాలు చెప్పావు. ఇక వాళ్ళు పాతవాళ్ళు కారు, చెయ్యి వెయ్యరు అని గొప్పగా చెప్పుకున్నావు. చెప్పినదానివి నువ్వే నమ్మకపోతే మేమెలా నమ్మాలే?”

అమ్మ కూతుర్నీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది.

లోపల కుళాయి చప్పుడు కొంచెం తగ్గింది. వాడు చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

“బావా, ఎవరొస్తున్నారు?”

“నీకోసం కాదురా బామ్మర్దీ, ఊరికే...”

“అబద్ధం చెప్పకు బావా, నీకు రాదు. బొజ్జాయన వస్తాడా?”

హెడ్డమ్మ మళ్ళీ అమ్మ పక్కన, తలుపు దగ్గరికి జరిగి కూర్చుంది. “ఏ బొజ్జాయన?”

“మీ స్టేషనాయన. నిన్న ప్యాంటు నడుము వదులు చెయ్యమని వచ్చాడే.”

స్టేషన్లో అందరూ బొజ్జ అని పిలిచే కానిస్టేబుల్ ఒకడున్నాడు. హెడ్డమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో వాడంత శ్రద్ధగలవాడు ఇంకొకడు లేడు. అందరూ టీకి లేచిపోయినా కూర్చుని ఇంకో ప్రశ్న వేసే రకం.

“అవును, వచ్చి ఉంటాడు. అయితే ఏమైందిరా?”

“కొలత తీసుకుంటున్నానక్కా. వంగి, టేపు ఆయన నడుం చుట్టూ వేశాను. ఆయన నవ్వాడు. నవ్వి, ‘ఏం టైలరన్నా, ఇవాళ కుట్టులోంచి పిలుస్తున్నారా? పొడుగుదారం, పొడుగుదారం అని?’ అన్నాడు.”

హెడ్డమ్మ తలుపు మీద ఆనించిన చెయ్యి తీసేసింది.

“ఆ పేరు వాళ్ళు పెట్టింది. కుట్టులో ఉండేవాళ్ళు. నన్ను అలాగే పిలుస్తారు. డాక్టరుకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. నీకొక్కదానికే చెప్పాను, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున. ఆ పేరు ఆయన నోట్లోకి ఎలా వచ్చిందక్కా?”

వాడే మళ్ళీ అందుకున్నాడు.

“రాత్రంతా ఆలోచించాను. దారి ఒక్కటే కనపడింది. నేను కుట్టిన బట్టల్లోంచే వెళ్ళారు. మీవాళ్ళ బట్టలన్నీ నేనేగా కుట్టింది? ఒక్కొక్కళ్ళ ఒంటి మీదకీ నేనే ఎక్కించాను. ఇప్పుడు యూనిఫారాలన్నీ నన్ను పిలుస్తాయి. నీ ఒంటి మీద ఉన్నది కూడా నేను కుట్టిందే. కాస్త దూరంగా జరుగు.”

హెడ్డమ్మ జరిగింది. వాడు చెప్పినందుకు కాదు, అమ్మ చూపు తన మీద పడినందుకు.

“ఏమిటే ఆ పొడుగుదారం?” అంది అమ్మ.

“తర్వాత చెప్తాను.”

“ఇప్పుడు చెప్పు. ముఖం అలా పాలిపోయిందేం? నువ్వేం చేశావు?”

చెప్పింది. తలుపు అవతలికి వినపడకుండా, గొంతు తగ్గించి. మొదటి క్లాసులో ఎవరికీ పట్టలేదు. ఒకడు ఆవలించాడు, ఒకడు ఫోను చూసుకున్నాడు. రోగిగా నటించమంటే సిగ్గుపడి ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. చివరికి తనే కుర్చీలో కూర్చుంది. తమ్ముడి టేపు ఆ రోజు ఎలాగో ఆమె సంచిలో ఉండిపోయింది. అది మెళ్ళో వేసుకుంది. భుజాలు వాడిలా ముడుచుకుంది. చొక్కా అంచు చెవి దగ్గర పెట్టుకుని, “పొడుగుదారం అంటున్నారు, వినపడటం లేదూ?” అని వణికింది. గదిలో ఉన్నవాళ్ళకి ఊపిరాడలేదు. ఆ తర్వాత ఎవరూ ఆవలించలేదు. పై అధికారి వెనక నిలబడి చూసి మెచ్చుకున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతి జట్టుకీ అదే పాఠం, అదే టేపు.

“వాడి పేరు చెప్పలేదమ్మా. ఎక్కడా చెప్పలేదు.”

“టేపు వేసుకున్నాక పేరెందుకే?”

“నేర్పడానికి చేశాను. ఇంకొకళ్ళ భుజాలు విరక్కుండా ఉండాలని.”

“ఇంకొకళ్ళ భుజాలు,” అంది అమ్మ.

తిట్టలేదు, కొట్టలేదు. కూతురి మోకాలి మీద ఉన్న తన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అంతే. బావ గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. సైరను వెయ్యకుండా వచ్చారు. బూట్లు టకటకలాడకుండా నెమ్మదిగా ఎక్కుతున్నారు. చేతుల్లో ఉన్న డాళ్ళు మెట్ల మలుపులోనే గోడకి ఆనించి, మిగతావాళ్ళు అక్కడే ఆగిపోయి, ఒక్కడే ముందుకొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండు అరచేతులూ కనపడేలా పట్టుకున్నాడు. అంతా ఆమె నేర్పినట్టే, పొల్లు పోకుండా.

బొజ్జ.

“మేడమ్, మీరు ఇటు రండి,” అన్నాడు మెల్లిగా. “ఇంటివాళ్ళు పక్కకి తప్పుకోవాలని మీరే చెప్పారు కదా.”

“నువ్వు వద్దు. ఇంకెవర్నైనా పంపు.”

“జట్టులో పాఠం పూర్తి చేసింది నేనొక్కణ్ణే మేడమ్. మిగతావాళ్ళు పాతవాళ్ళు.” మెట్ల వైపు చూశాడు. “వాళ్ళని పంపమంటారా?”

పంపమని ఎలా అంటుంది? అందులో ఒకడు పోయినసారి వచ్చినవాడే.

“అది కాదు, నీకు తెలీదు, నిన్న నువ్వన్న మాట...”

ఆమె మాట పూర్తి కాలేదు. బొజ్జ అప్పటికే తన భారమంతా కూడదీసుకుని, గోడ పట్టుకుని, అమ్మ పక్కన తడి దుప్పటి మీద కూలబడ్డాడు. పాపం వాడికి ఇది మొదటిసారి. క్లాసులో తప్ప నిజమైన తలుపు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. గొంతు సర్దుకున్నాడు.

“అన్నా, నిన్న ప్యాంటు ఇచ్చినవాణ్ణి. నీకు భయంగా ఉందని తెలుస్తోంది. నేను ఇక్కడే ఉంటాను. నువ్వు చెప్పేది వింటాను.”

హెడ్డమ్మ మాటలు. హెడ్డమ్మ ఆగే చోటే ఆగడం. చివర్లో ఆమె గొంతు ఎలా దిగుతుందో అలాగే దిగింది.

లోపల వాడు అరిచిన అరుపుకి అమ్మ రెండు చెవులూ మూసుకుంది.

“అక్క గొంతు కూడా పట్టుకుపోయారు! అక్కా, నీది కూడా! విన్నావా?”

గుడ్డ చిరిగిన చప్పుడు. మళ్ళీ చిరిగిన చప్పుడు. ఇనుము గోడకి తగిలింది. బకెట్టు ఏదో దొర్లి తలుపుకి కొట్టుకుంది. బొజ్జ చెయ్యి దానంతటదే నడుము దగ్గరున్న వైర్లెస్ మీదకి పోయింది.

మెట్ల మీదనుంచి ఒక గొంతు వచ్చింది. “ఏంటి, తలుపు తన్నెయ్యమంటావా?”

డాలు పైకి లేచిన చప్పుడు హెడ్డమ్మ స్పష్టంగా విన్నది. తన్నితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. లోపల రెండడుగుల చోటు, తడి నేల, వాడి చేతిలో కత్తెర, వీళ్ళ చేతుల్లో కర్రలు. ఎవరో ఒకరు నెత్తురుతో బయటికి వస్తారు. అది తన తమ్ముడే అవుతాడు.

“ఎవరూ కదలకండి!” అని అరిచింది. అరవకూడదని తనే నేర్పింది. అయినా అరిచింది. “ఎవరూ ఒక్క మాట మాట్లాడకండి. ఒరేయ్ తమ్ముడూ! ఆ పేరు కుట్టులోంచి రాలేదురా. నా నోట్లోంచి వెళ్ళింది. నేనే చెప్పాను వీళ్ళకి. నీ టేపు మెళ్ళో వేసుకుని, నీలా కూర్చుని, నీలా వణికి, నిన్ను ఆడి చూపించాను. ఒకసారి కాదు, ఎంతమంది వస్తే అంతమందికీ. ఈయన నాలాగా మాట్లాడుతున్నాడంటే నేను నేర్పానురా. గొంతులు ఎవరూ పట్టుకుపోలేదు. నేను పంచిపెట్టాను.”

కుళాయి ఆగిపోయింది.

కింద అంతస్తులో ఎవరో తలుపు తీసి, తొంగిచూసి, మళ్ళీ వేసుకున్నారు.

“నవ్వారా?” అన్నాడు వాడు.

“ఏమిటిరా?”

“నన్ను ఆడి చూపిస్తే, వాళ్ళు నవ్వారా?”

లేదు అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నోరు కూడా తెరిచింది. కానీ వాడికి అబద్ధం ఎక్కడ మొదలవుతుందో చిన్నప్పట్నుంచీ తెలుసు.

“మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు.”

“బొజ్జాయన?”

హెడ్డమ్మ తల తిప్పి చూసింది. బొజ్జ తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

“నవ్వానన్నా,” అన్నాడు. “నిన్న కూడా నవ్వాను. చనువు కొద్దీ అన్నాను. మేడమ్ తమ్ముడివి కదా అని, మనవాడివి కదా అని. అది నీ సొంత పేరని తెలీదు.”

“మరి నువ్వు, అక్కా?”

“నేనా?”

“పాఠం అయిపోయాక. టేపు తీసేశాక. నవ్వావా?”

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. బావ చూశాడు. ఎదురుగా ఉన్న గోడ మీది చెమ్మ కూడా చూసినట్టే అనిపించింది ఆమెకి. టీ గ్లాసులు పట్టుకుని అందరూ చుట్టూ చేరి, మేడమ్ ఏం చేశారండీ, సినిమాల్లో వెయ్యొచ్చు అన్నప్పుడు...

“నవ్వాను.”

లోపల వాడు గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్న చప్పుడు వచ్చింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది. మిషను దగ్గర కూర్చుని, కొలతలు అడిగేటప్పటి గొంతు.

“మీరందరూ వెనక్కి వెళ్ళండి. ఆయన్ని లోపలికి పంపండి.”

“ఎవర్ని?”

“బొజ్జాయన్ని. ఆయనొక్కణ్ణే.”

“కత్తెర బయట పెట్టు, పంపుతాను.”

“పెట్టను. దాంతో పనుంది.”

“ఏం పనిరా?”

వాడు ఆమెకి జవాబు చెప్పలేదు. “సార్, నేను నిన్న వదులు చేసిన ప్యాంటే వేసుకున్నారా?” అన్నాడు.

బొజ్జ ఒకసారి తన నడుం వంక చూసుకున్నాడు. “అదే అన్నా.”

“నడుం కుట్టు విప్పి చూడాలి. మా అక్క చెప్పిందే నిజమైతే దాంట్లో ఏమీ ఉండకూడదు. విప్పి చూస్తే తేలిపోతుంది.”

మెట్ల మీద ఎవరో పళ్ళ మధ్య నవ్వు నొక్కుకున్నారు. హెడ్డమ్మ అటు చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే చచ్చింది.

“దానికేముందిరా బామ్మర్దీ,” అన్నాడు బావ, ఆశగా. “ప్యాంటు విప్పి లోపలికి అందిస్తాడు. నీ ఇష్టం వచ్చినట్టు విప్పుకో. ఆయనకి నా లుంగీ ఇస్తాలే.”

“మనిషి లేని గుడ్డ మాట్లాడదు బావా.”

“అయితే నువ్వే బయటికి వచ్చి...”

“బయట నలుగురున్నారు. నవ్వుతారు. ఇప్పుడే ఒకడు నవ్వాడు.”

బావ వెనక్కి తగ్గాడు.

హెడ్డమ్మ ప్రతి జట్టు చేతా గట్టిగా పైకి చెప్పించే మాట ఒకటుంది: మూసిన గదిలో, పదునైనది పట్టుకున్న మనిషి దగ్గరికి ఒక్కళ్ళూ వెళ్ళకూడదు. ఎంత తెలిసినవాళ్ళైనా సరే. బొజ్జ ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పినవాడు.

మెట్ల మీద ఇంకో వైర్లెస్ గరగరలాడింది. మెట్ల మీదివాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, “మేడమ్, కంట్రోల్ రూమ్ వాళ్ళు అడుగుతున్నారు. తలుపు తియ్యించారా, బద్దలుకొట్టమంటారా అని. ఏం చెప్పమంటారు?” అన్నాడు.

అక్కడ ఆమెకి ఏ అధికారమూ లేదు. ఆమె ఇంటిమనిషి మాత్రమే. అయినా అందరూ ఆమె వంకే చూస్తున్నారు.

“మీరు వెళ్ళమంటే వెళ్తాను మేడమ్,” అన్నాడు బొజ్జ.

“పాఠంలో ఇది లేదు.”

“లేదు మేడమ్.”

“నీకు చిన్నపిల్ల ఉంది.”

“ఉంది మేడమ్.”

అది విని అమ్మ వాడి వంక మొదటిసారి సరిగ్గా చూసింది. తడిసిన దుప్పటి మీద, తన పక్కనే, మోకాళ్ళు ముడవడానికి చోటు చాలక ఆపసోపాలు పడుతున్న ఆ పెద్ద మనిషిని.

“మీ అమ్మ ఉందా నాయనా?”

“ఉందమ్మా. నా దగ్గరే ఉంటుంది.”

అమ్మ వెళ్ళమనలేదు, వద్దనలేదు. రెండు చేతులూ నేలకి ఆనించి మెల్లిగా లేచింది. తలుపుకి ఆనించిన వీపు తీసేసి, దుప్పటి మీదనుంచి దిగి, గోడ వారకి వెళ్ళి నిలబడింది. పొద్దుట్నుంచీ తన ఒంటితో అడ్డుపెట్టిన ఆ తలుపుని ఇంకొక తల్లి కొడుక్కి వదిలిపెట్టింది.

హెడ్డమ్మ అది చూసింది. చూసి, తన తల్లిని తనే భరించలేకపోయింది. కానీ నోరు తెరిస్తే తన నోట్లోంచి వచ్చింది కూడా అదే.

“వెళ్ళు.”

బొజ్జ తల ఊపాడు. టోపీ బావ చేతికిచ్చాడు. బెల్టు తీశాడు, వైర్లెస్ తీశాడు, చేతి గడియారం కూడా తీశాడు. మెట్ల వైపు తిరిగి, “నేను పిలిచేదాకా ఎవరూ రావద్దు,” అన్నాడు.

గడియ జరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది. సందులో తడిసిన చెయ్యి ఒకటి కనపడింది. చొక్కా చేతి కుట్టు భుజం దాకా విప్పేసి ఉంది. గుడ్డ రెండు పాయలుగా వేలాడుతోంది. ముఖం కనపడలేదు. హెడ్డమ్మ ముఖం కోసం వంగి చూసింది గాని, బొజ్జ పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి, ఆ సందులో దూరుతుంటే అడ్డమైపోయాడు.

తలుపు మూసుకుంది. గడియ మళ్ళీ పడింది.

“గోడకేసి తిరగండి సార్. చేతులు పైకి పెట్టండి. కదిలితే తెగుతుంది.”

“ఇలాగా అన్నా?”

“ఆఁ.”

కత్తెర నోరు తెరిచిన చప్పుడు. దారం తెగిన చప్పుడు. సన్నగా, గోరు కొరికినట్టు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. అమ్మ గోడకి నుదురు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. బావ చేతిలో టోపీ గుండ్రంగా తిరుగుతోంది.

తర్వాత ఆ చప్పుడు ఆగింది.

“సార్,” అన్నాడు తమ్ముడు. గొంతు చాలా దగ్గరగా, చాలా మెత్తగా ఉంది. “ఇప్పుడు మీరు చెప్పండి. అబద్ధం వద్దు. మీకు ఏమైనా వినపడుతోందా?”

హెడ్డమ్మ తలుపుకి చెవి ఆనించింది.

దానికి జవాబు ఆమె నేర్పింది. వినపడుతోంది అనకూడదు. అంతా నీ భ్రమ అని కూడా అనకూడదు. ‘నాకు వినపడటం లేదు, కానీ నీకు వినపడుతోందని నమ్ముతున్నాను.’ ప్రతి జట్టు చేతా వల్లె వేయించిన మాట అది. దాన్ని మొట్టమొదట సాధన చేసింది ఈ ఇంట్లో, ఆ బల్ల ముందు, ఈ తమ్ముడి మీదే. బొజ్జ నోట ఆ మాట అక్షరం తప్పకుండా వచ్చిందంటే, ఆ కుట్టులో ఉన్నది అక్క గొంతేనని తమ్ముడికి తేలిపోయినట్టే.

చదువు చెప్పినవాళ్ళెవరూ కోరుకోనిది ఆమె అప్పుడు కోరుకుంది. తన శిష్యుల్లోకెల్లా శ్రద్ధగలవాడు, తను చెప్పింది ఒక్క ముక్క పొల్లుపోనివ్వనివాడు, ఈ ఒక్కసారికి పాఠం మర్చిపోవాలని.

తలుపు అవతల బొజ్జ గొంతు సర్దుకున్నాడు.